కొండవీడు కొండమీది చెరువులకు ఒక పూట నడక

బారెడు క్యూ కనిపిస్తే చాలు, "కొండవీటి చాంతాడంత ఉందిరా" అంటాం. కొండ కింది ఊళ్లో బావులు అంత లోతని, తోడాలంటే అంత పొడుగు తాడు కావాల్సి వచ్చేదని ఆ మాట వెనక చెప్పుకునే సంగతి. కార్తీకమాసంలో ఒక ఆదివారం పదకొండింటికి కొండ మొదట్లో నిలబడి పైకి చూడండి, ఆ తాడు మనుషులతో పేనినట్టు కనిపిస్తుంది. కింద నీళ్లు అంత లోతున ఉంటే, పైన కొండ మీద మాత్రం చెరువులున్నాయి: ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. రెడ్డిరాజులు కోటను కొండెక్కించాక సైన్యానికి, గుర్రాలకు ఏడాది పొడవునా నీళ్లు కావాలి కదా. వాలు మీద పడిన వానను పల్లంలో గట్టు కట్టి ఆపడం తప్ప అప్పట్లో వేరే దారి లేదు.

ఈ కొండ ఎత్తు సముద్రమట్టం నుంచి వెయ్యి అడుగులు దాటుతుంది, అంతే. మంగళగిరిలో పానకాలస్వామి మెట్లు ఆగి ఆగి అయినా ఎక్కగలిగినవాళ్లు దీన్ని కూడా ఎక్కేస్తారు. చాలామందికి రోజు పాడయ్యేది ఆలస్యంగా బయల్దేరడం వల్ల. తొమ్మిదిన్నర దాటితే ఎండ, జనం, కోతులు మూడూ ఒక్కసారే వస్తాయి. అందుకే ఇక్కడ చెప్పే లెక్కలన్నీ గడియారం చుట్టూనే తిరుగుతాయి.

ఏ నెల, ఏ రోజు

నవంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా మంచి కాలం. వానలు వెళ్లిపోయి ఉంటాయి, చెరువుల్లో నీళ్లు నిండుగా ఉంటాయి, గడ్డి ఇంకా పూర్తిగా ఎండదు. మార్చి నుంచి నీళ్లు దిగిపోతూ ఉంటాయి, రాయి వేడెక్కడం మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో గుంటూరు ఎండ సంగతి గుంటూరువాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ రెండు నెలలూ ఈ నడక మానుకోండి. తెల్లవారకముందే వెళ్లొస్తామనే మొండివాళ్లు కూడా ఎనిమిదింటికల్లా కిందికి వచ్చెయ్యాలి.

జూలై నుంచి అక్టోబరు దాకా కొండ పచ్చగా, అందంగా ఉంటుంది. కానీ ముందురోజు వాన పడితే పాత రాతిమెట్ల మీద పాచి జారుతుంది. వాయుగుండం వార్త ఉంటే ఆ వారం వదిలెయ్యండి.

వారంలో మంగళ, బుధ, గురువారాలు ఖాళీ. కార్తీకమాసపు ఆదివారాలు వనభోజనాలవాళ్లవి, జనవరి 1 కుర్రాళ్లది, సంక్రాంతి మూడు రోజులూ ఊళ్లకి వచ్చిన చుట్టాలవి. సెలవు ఆదివారం తప్ప దొరకదంటే కార్తీకం అయిపోయాక డిసెంబరు ఆదివారాలు చూడండి, రద్దీ కాస్త తగ్గుతుంది. మహాశివరాత్రి రోజు మాత్రం అసలే వద్దు. ఆరోజు పక్కనే కోటప్పకొండ తిరునాళ్ల. ప్రభలు, ఎడ్లబళ్లు, ట్రాక్టర్లు, బస్సులతో చిలకలూరిపేట, నరసరావుపేట వైపు రోడ్లన్నీ నిండిపోతాయి.

చేరడం

కొండవీడు గుంటూరుకి పడమరగా, పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంది. శ్రీనాథుడు విద్యాధికారిగా కొలువు చేసిన కొండవీడూ, చాటువుల్లో ఆయన తిట్టిపోసిన పల్నాడూ 2022 నుంచి ఒకటే జిల్లా. పైనుంచి ఆయన చూస్తూ ఉంటే ఏమంటాడో!

రెండు దారులున్నాయి. గుంటూరు నుంచి నరసరావుపేట రోడ్డులో ఫిరంగిపురం వెళ్లి ఎడమకి తిరగడం ఒకటి. చెన్నై హైవే మీద చిలకలూరిపేట వైపు వెళ్లి, యడ్లపాడు దగ్గర కుడికి తిరగడం రెండోది. విజయవాడ నుంచి కారులో వచ్చేవాళ్లకి హైవే దారి సుఖం, గుంటూరు ఊళ్లోకి వెళ్లక్కర్లేదు. బస్సు మీద వచ్చేవాళ్లకి ఫిరంగిపురం దారి మేలు. నరసరావుపేట బస్సులు అక్కడ ఆగుతాయి, అక్కణ్ణుంచి ఆటో. ఆటో మాట్లాడుకునేటప్పుడే తిరుగు ప్రయాణానికి కూడా మాట్లాడుకుని ఫోన్ నంబరు తీసుకోండి. మధ్యాహ్నం కొండ కింద ఖాళీ ఆటో దొరకడం కష్టం. దొరికినా అతను చెప్పిందే రేటు.

విజయవాడ నుంచి నాలుగుంపావుకి, గుంటూరు నుంచి ఐదింటికి బయల్దేరితే ఆరింటికల్లా కొండ కింద ఉంటారు. డిసెంబరులో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. మొదటి వెలుగు రాగానే అడుగు వెయ్యొచ్చు. చీకట్లో మెట్లెక్కొద్దు, రాళ్ల మధ్య ఏముందో కనబడదు.

ఇది రక్షిత అటవీ ప్రాంతం. గేటు ఎప్పుడు తీస్తారో, ఎప్పుడు మూస్తారో వెళ్లేముందు కనుక్కోండి. గేటు దగ్గర రుసుము తీసుకుంటారేమో, చిల్లర ఉంచుకోండి. సిగ్నల్ అన్నిచోట్లా ఒకలా ఉండదు కాబట్టి ఫోన్‌పే మీదే ఆధారపడొద్దు.

సంచిలో ఏముండాలి

ముందు నీళ్లు. దాహమేసినప్పుడు నెత్తి మీద గంగను పెట్టుకున్న శివుణ్ణే "ఇద్దరు భార్యలెందుకు, గంగను ఇటు వదులు" అని అడిగాడట శ్రీనాథుడు. మీకు ఆ పలుకుబడి లేదు కాబట్టి మనిషికి మూడు లీటర్లు మోసుకెళ్లండి. పదేళ్ల లోపు పిల్లలకి లీటరున్నర. మూడు లీటర్లంటే మూడు కిలోల బరువు, భుజం లాగుతుంది, నిజమే. కానీ ఎక్కేటప్పుడే లీటరు అయిపోతుంది, పైన ఇంకో లీటరు, చివరిది దిగడానికి. చివరి లీటరు సీసా మూత దిగుడు మొదలయ్యే దాకా తియ్యకూడదని నియమం పెట్టుకోండి. ఒక్కటే పెద్ద సీసా కాకుండా లీటరువి మూడు తెస్తే ఎంత తాగారో తెలుస్తుంది, ఒకటి పగిలినా రెండుంటాయి.

ఓఆర్‌ఎస్ పొట్లాలు ఇద్దరికి ఒకటి చొప్పున. లీటరు పొట్లం లీటరు నీళ్లలోనే కలపాలి. అరలీటరు సీసాలో మొత్తం పొట్లం వేసేస్తే ఉప్పు ఎక్కువై వాంతి వస్తుంది. పొట్లం దొరక్కపోతే లీటరు నీళ్లకి ఆరు చదును చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు (టీ చెంచా లెక్క). కూల్‌డ్రింకులు దీనికి బదులు పనికిరావు, పంచదార ఎక్కువ, ఉప్పు లేదు.

తిండికి పులిహోరను మించింది లేదు, చింతపండు పులుపు వల్ల మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. వేడివేడిగా డబ్బాలో పెట్టి మూతేస్తే మాత్రం ఆవిరి నీరై అన్నం పాచిపోతుంది. పళ్లెంలో ఆరబోసి, పూర్తిగా చల్లారాకే సర్దండి. పెరుగన్నం కావాలంటే పెరుగు ఎక్కువ వెయ్యొద్దు. మెత్తని అన్నంలో గోరువెచ్చని పాలు ధారాళంగా పోసి, చెంచాడు పెరుగు కలిపి తీసుకెళ్తే పదింటికి కమ్మగా తోడుకుంటుంది. కొబ్బరి పచ్చడి ఇంట్లోనే ఉంచండి, ముందు చెడిపోయేది అదే. అరటిపళ్లు వద్దు, కారణం కింద కోతుల దగ్గర చెప్తాం.

చెప్పులు కాదు, బూట్లు. అడుగు అరిగిన పాత కాన్వాసు బూట్లు రాయి మీద హవాయి చెప్పుల కంటే పెద్ద తేడా చూపవు. బొటనవేలితో అట్ట నొక్కి చూడండి, గాడులు లోతుగా ఉండాలి. కొత్తవి అయితే వారం ముందు నుంచే వేసుకు తిరగండి. ప్రకాశం బ్యారేజీ మీద ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లి వస్తే సుమారు రెండున్నర కిలోమీటర్లు. అలా మూడు సాయంత్రాలు నడిచాక మడమ ఎక్కడా ఒరుసుకోకపోతే ఆ బూటు పనికొస్తుంది. కాలిగోళ్లు ముందురోజు కత్తిరించుకోండి. దిగేటప్పుడు వేళ్లు ముందుకి తన్నుకుని గోరు కింద రక్తం గడ్డకట్టేది గోళ్లు పెరిగి ఉంటేనే.

ఇవి కాక టోపీ, తువ్వాలు, ప్లాస్టరు, దూది, చిన్న టార్చి, చెత్తకి రెండు ఖాళీ సంచులు. అంతకు మించి సర్దొద్దు.

ఎక్కడం

పైకి రెండు రకాలుగా వెళ్లొచ్చు: కాలినడకన పాత దారి, బండ్ల మీద సుమారు 5 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. పెద్దవాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు బండిలో వచ్చి పైన కలవొచ్చు. ఘాట్ రోడ్డు మీద నడవడం మాత్రం సెలవురోజుల్లో మంచిది కాదు, మలుపుల దగ్గర బండ్లు కనబడవు. నడవక తప్పకపోతే రోడ్డుకి కుడివైపు, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా, ఒకరి వెనక ఒకరు నడవండి.

మొదటి ఇరవై నిమిషాలు కావాలనే నెమ్మదిగా ఎక్కండి. అందరూ చేసే పొరపాటు ఇక్కడే. పొద్దున్నే చల్లగా ఉంది, ఒంట్లో ఓపిక ఉంది, పక్కన కుర్రాళ్ల జట్టు పరిగెడుతోంది, దాంతో మనమూ వేగం పెంచుతాం. పావుగంటలో గుండె దడదడలాడి మెట్టు మీదే కూలబడతాం, వెనక ఇరవై మంది ఆగిపోతారు. సరైన వేగానికి కొలత ఒకటే: పక్కవాళ్లతో మాట తెగకుండా మాట్లాడగలగాలి. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టు. ఇరవై నిమిషాలకి ఒకసారి రెండు నిమిషాలు నిలబడే సేద తీరండి, నాలుగు గుక్కలు తాగండి. పది నిమిషాలు కూర్చుంటే పిక్కలు బిగుసుకుంటాయి.

జనం ఉన్నప్పుడు ఇరుకు మెట్ల మీద కొన్ని పద్ధతులు పాటిస్తే అందరికీ హాయి. ఆగాలనుకుంటే దారి మీద కాకుండా పక్కకి, అదీ కొండ వైపుకి తప్పుకోండి. లోయ అంచున నిలబడి దారి ఇస్తే, సంచి తగిలి తూలేది మీరే. ఎక్కేవాళ్లకి దిగేవాళ్లు దారి ఇవ్వడం మర్యాద, ఎక్కుతున్నవాళ్లకి ఒకసారి ఊపు ఆగితే మళ్లీ అందుకోవడం కష్టం. పదిహేనుమంది జట్టుగా వస్తే నలుగురైదుగురు చొప్పున విడిపోయి, ఐదేసి నిమిషాల తేడాతో ఎక్కండి. చివరి ముక్కలో దారి తెలిసిన పెద్దమనిషి ఒకరు ఉండాలి, ఆయన్ని దాటి ఎవరూ వెనకబడకూడదు. పిల్లలు ఎప్పుడూ ఇద్దరు పెద్దల మధ్యే. "తప్పిపోతే కోట దర్వాజా దగ్గర" అని కిందే అనుకోండి. కోటకి కొలేపల్లి దర్వాజా, నాదెండ్ల దర్వాజా అని రెండున్నాయి, ఏదో పేరుతో సహా చెప్పుకోండి.

ఆగుతూ వెళ్లినా ఏడున్నరకి, మహా అయితే ఎనిమిదింటికి పైన ఉంటారు.

పైన ముందు ఏది చూడాలి

అందరూ మొదట కనిపించిన బురుజెక్కి ఫొటోలు దిగుతారు, తరవాత మొదట తగిలిన చెరువు గట్టున కూర్చుంటారు. మీరు తిరగెయ్యండి. మీ దారికి దూరంగా ఉన్న చెరువుకి ముందు వెళ్లి, అక్కణ్ణుంచి దగ్గరి వాటికి వెనక్కి రండి, బురుజులు చివర్లో. జనం తొమ్మిదిన్నరకి వచ్చి దగ్గరి చెరువు పట్టుకునేసరికి మీరు దూరపు చెరువు నిశ్శబ్దంగా చూసేసి ఉంటారు. పైగా పొద్దుటి ఏటవాలు వెలుగులో నీళ్ల మీద నీడలు బాగుంటాయి, పదకొండింటి ఎండలో చెరువంతా అద్దంలా మెరిసి కళ్లు జిగేలుమంటాయి తప్ప ఏమీ కనబడదు.

చెరువుల్లో దిగొద్దు. ఎందుకో చెబితేగానీ కుర్రాళ్లు వినరు. వాననీటి చెరువు అడుగున ఏళ్ల తరబడి మట్టి, ఆకు కుళ్లి మెత్తని బురదగా పేరుకుంటుంది. మోకాలి లోతని దిగినవాడి కాలు అందులోకి ఇంకో మోకాలు కూరుకుపోతుంది, లాగేకొద్దీ ఇంకో కాలు దిగుతుంది. నీటిమొక్కల తూళ్లు కాళ్లకి చుట్టుకుంటాయి, ఈత వచ్చినవాణ్ణి కూడా అవి వదలవు. గట్టు రాళ్లకి నీటి అంచున నాచు ఉంటుంది, చెయ్యి కడుక్కోవడానికి వంగినా జారతారు. కాళ్లు కడుక్కోవాలనిపిస్తే సీసా నీళ్లతో గట్టు మీదే.

ఎవరైనా పడితే వెంటనే దూకొద్దు. పడ్డవాడు దూకినవాడి మెడ పట్టుకుంటాడు, ఒకరి బదులు ఇద్దరు పోయేది అలాగే. తువ్వాళ్లు, చున్నీలు, పంచెలు ముడేసి ఒక చివర విసరండి. లేదా గట్టు మీద బోర్లా పడుకుని పొడుగాటి కర్ర అందించండి. మూత బిగించిన ఖాళీ సీసాలు నాలుగు సంచిలో వేసి విసిరినా కాసేపు తేల్చి ఉంచుతుంది. ఆ నీళ్లు తాగడానికీ పనికిరావు, తేటగా కనిపించినా సరే.

బురుజులు, గోడలు సున్నం పెట్టి కట్టినవి, ఆ సున్నం శతాబ్దాల వానకి కొట్టుకుపోయింది. రావి, మర్రి వేళ్లు దూరిన చోట రాయి చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, బరువు పడితే కదులుతుంది. అంచుకి ఒక నిలువు మనిషి దూరంలో ఆగండి. సెల్ఫీ కోసం వెనక్కి అడుగు వెయ్యడం అసలు వద్దు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెల్చుకున్న కోట ఇది, దాని రాళ్ల మీద మీ పేరు చెక్కక్కర్లేదు.

కోతులు, తేనెటీగలు, పాములు, పిడుగులు

కోతి ముందు చూసేది ప్లాస్టిక్ కవరు. కవరు గరగర చప్పుడంటే తిండి అని వాటికి జనం ఏళ్లుగా నేర్పారు. కాబట్టి చేతిలో కవరు పట్టుకోవద్దు, అంతా భుజానికి తగిలించే సంచిలో, జిప్పు మూసి. అరటిపండు రంగు, వాసన రెండూ వాటిని దూరం నుంచే పిలుస్తాయి, అందుకే వద్దన్నాం. కళ్లలోకి సూటిగా చూడొద్దు, నవ్వుతూ పళ్లు చూపించొద్దు, వాటి లెక్కలో అది దెబ్బలాటకి పిలవడం. ఏదైనా లాక్కుంటే వదిలెయ్యండి. కరిచినా గీరినా సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి, అదే రోజు ఆసుపత్రిలో రేబిస్ టీకా మొదలుపెట్టించండి. తిండి తినేటప్పుడు జట్టంతా గుండ్రంగా, వీపులు బయటికి పెట్టి కూర్చుంటే కోతి చొరబడే సందు ఉండదు.

రాతిగోడల సందుల్లో, పెద్ద చెట్ల కొమ్మలకి తేనెపట్లు ఉండొచ్చు. పొగ, ఘాటైన సెంటు, రాయి విసరడం వాటిని రేపుతాయి. ఒకటి కుట్టిందంటే ఆ వాసనకి మిగతావి వస్తాయి. చేతులు విసరకుండా తువ్వాలు ముఖానికి చుట్టుకుని పరుగెత్తండి, ఆగొద్దు, చెరువులో దూకొద్దు.

ఎండుటాకుల్లో రక్తపింజర ఆకుల రంగులోనే ఉంటుంది. దారి వదలకుండా ఉంటే ప్రమాదం బాగా తగ్గుతుంది. అడుగులు గట్టిగా వెయ్యండి, రాతి సందుల్లో చెయ్యి పెట్టొద్దు. పాము కరిస్తే కొయ్యడం, పీల్చడం, తాడు బిగించి కట్టడం ఏవీ చెయ్యొద్దు. ఉంగరాలు, గాజులు, బూటు తీసెయ్యండి (వాచాక రావు). కరిచిన కాలు కదలకుండా కర్రకి వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని కిందికి తెచ్చి 108కి ఫోన్ చెయ్యండి. పామును చంపి పట్టుకెళ్లాల్సిన పని లేదు. మన దగ్గర ఇచ్చే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే.

మెరుపు కనిపించాక ఉరుము దాకా లెక్కపెట్టండి. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. ముప్పై లోపు వినిపిస్తే బురుజు, గట్టు, ఒంటరి చెట్టు వదిలి దిగువకి వచ్చెయ్యండి. చివరి ఉరుము తరవాత అరగంట దాకా మళ్లీ ఎక్కొద్దు.

పొయ్యి వెలిగించడం నిషేధం. సంక్రాంతి దాటాక గడ్డి అగ్గిపుల్లకి అంటుకునేలా ఎండి ఉంటుంది. వనభోజనమైనా సరే, వంట ఇంట్లోనే చేసి తెచ్చుకోవాలి. విస్తరాకులు కుళ్లిపోతాయి కదా అని వదిలెయ్యొద్దు, వాటి మీద అన్నం కోసం కోతులు చేరతాయి. అన్నీ సంచిలో వేసి కిందికి తేవాల్సిందే.

దిగడం

పదిన్నరకి దిగుడు మొదలుపెట్టండి. అప్పటికి ఎదురుగా ఎక్కేవాళ్ల వరస ఉంటుంది, కాబట్టి దిగడం తేలికని గంట కంటే తక్కువ లెక్క వేసుకోవద్దు. భోజనం పైనే చేసి సాయంత్రం దిగుదామంటే నాలుగింటికి వనభోజనాలవాళ్లందరితో కలిసి దిగాలి. కార్తీకంలో ఐదున్నర దాటగానే పొద్దు గుంకుతుంది, నాలుగున్నరకల్లా మెట్లు దాటి ఉండాలి.

కాళ్లు వణికేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడే. ప్రతి మెట్టుకీ తొడ కండరం సాగుతూ బరువు ఆపాలి. బూటు లేసు చీలమండ దగ్గర బిగించి కట్టండి. మోకాలు కొంచెం వంచి, చిన్న అడుగులతో, ఎత్తు మెట్ల మీద పక్కకి తిరిగి దిగండి. మోకాలు నొప్పి ఉంటే చేతికర్రను ముందు కింది మెట్టు మీద ఆనించి, తరవాత నొప్పి కాలు, ఆ తరవాత మంచి కాలు.

ఎవరికైనా కండరాలు పట్టేస్తే నీడ, ఓఆర్‌ఎస్, పావుగంట విశ్రాంతి చాలు. మాట తడబడినా, ఎక్కడున్నాడో తెలియనట్టు చూసినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. నీళ్లు తాగించే ప్రయత్నం చెయ్యొద్దు, గొంతుకి అడ్డం పడొచ్చు. నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఉన్న నీళ్లన్నీ మెడ, చంకలు, గజ్జల మీద పోసి విసరండి. ఈలోపు ఒకరు 108కి చెయ్యాలి.

ఘాట్ రోడ్డులో బండి మీద దిగేవాళ్లు రెండో గేరు, బాగా వాలున్న చోట ఒకటో గేరు వాడాలి. న్యూట్రల్‌లో వదిలి బ్రేకు మీదే దిగితే బ్రేకులు వేడెక్కి మలుపు దగ్గర పట్టవు.

కిందికి వచ్చాక ఊళ్లో గోపీనాథస్వామి గుడి ఉంది, జనం కత్తులబావి అంటారు. ఓపిక ఉంటే అరగంట చూడొచ్చు. అక్టోబరు, నవంబరులో అయితే రోడ్డు పక్కన కొండవీటి సీతాఫలాల బుట్టలు కనిపిస్తాయి. కళ్లు విచ్చుకుని వాటి మధ్య గీతలు తెల్లబడ్డవి ఎంచుకోండి, రాయిలా ఉన్నా రెండు రోజుల్లో పండుతాయి. కళ్లు దగ్గరదగ్గరగా ముడుచుకున్నవి లేతగా కోసినవి, పండకుండానే నల్లబడతాయి. మెత్తబడినవి మాత్రం ఆటోలోనే తినెయ్యండి, సంచిలో వేస్తే ఇంటికి గుజ్జే చేరుతుంది.